పావగడ మిద్దె మీద పాత వెలుగు

కనుమ నాడు కాకైనా కదలదంటారు. మేము కదిలాం. మా అవ్వ బతికి ఉంటే గడప దాటనిచ్చేది కాదు. కానీ పంచాంగం ముందు పెట్టుకుని చూస్తే వేరే దారి కనబడలేదు. 2026 జనవరి 18, ఆదివారం పుష్య అమావాస్య. సోమవారం మనవరాలికి బడి. మంచి చీకటి రాత్రి కావాలంటే కనుమ శుక్రవారమే బయలుదేరాలి. వెన్నెల చూడటానికి ప్రయాణం కట్టినవాళ్ళు ఉన్నారు గాని, చీకటి చూడటానికి కట్టింది మా వంశంలో నేనే మొదటివాణ్ణి అనుకుంటాను.

సంగతేమిటంటే, ఎనిమిదో తరగతి చదివే మా మనవరాలు ఒకరోజు అన్నం తింటూ, "తాతా, ఆకాశంలో కనిపించే చుక్కలన్నీ ఎప్పుడో చచ్చిపోయాయట. మనం చూసేది వట్టి పాత వెలుగేనట" అంది. ఎక్కడ విన్నావంటే అందరూ అంటున్నారంది. "సగం నిజం, సగం తప్పు" అన్నాను. ఏ సగమని అడిగింది. చెప్పడం కన్నా చూపించడం మేలని బెంగుళూరులో మా అపార్టుమెంటు డాబా మీదికి తీసుకెళ్ళాను. మెడ నొప్పి పుట్టేదాకా లెక్కపెడితే పదకొండు చుక్కలు తేలాయి. అందులో ఒకటి విమానం.

అప్పుడు పావగడ తాలూకాలో ఉన్న మా చిన్నమామ గుర్తుకొచ్చాడు. నాగలమడికె దగ్గర మా అమ్మ పుట్టిన ఊళ్ళో, అదే ఇంట్లో, డెబ్భై ఎనిమిదేళ్ళ వయసులో ఇంకా మిద్దె మీదే పడుకుంటాడు. ఫోను చేస్తే, "రాండప్పా. చుక్కలకేం కరువు, వానలకే గాని" అన్నాడు. బయలుదేరే ముందు బీరువాలోంచి ఒక పాత పోస్టుకార్డు తీసి చొక్కా జేబులో పెట్టుకున్నాను. దాని సంగతి తరవాత చెబుతాను.

పావగడ ఎక్కడుందో తెలియనివాళ్ళు ఒకసారి పటం తీసి చూడండి. కర్ణాటకలో తుమకూరు జిల్లా ఈశాన్యపు కొసన, మూడు వైపులా ఆంధ్రదేశం కమ్ముకుని ఉన్న తాలూకా అది. బస్సు బోర్డులు కన్నడం, బడి కన్నడం, కచేరీ కాగితాలు కన్నడం. ఇంట్లో మాట్లాడేది మాత్రం తెలుగు. మామయ్య పొలం పత్రాలు కన్నడంలో ఉంటాయి, ఎద్దుల్ని అదిలించేది తెలుగులో. 'పాముకొండ' అనే మాట నుంచే ఆ పేరు వచ్చిందని అక్కడివాళ్ళు చెబుతారు. ఊరికి ఆనుకుని ఉన్న రాతికొండ, దాని మీద పాలెగాళ్ళ నాటి కోట బస్సు దిగకముందే కనిపిస్తాయి.

మధుగిరి మీదుగా దగ్గరి దారి ఉన్నా, నేను పనిగట్టుకుని గౌరిబిదనూరు, హిందూపురం, మడకశిర దారి పట్టాను. ఈ దారిలో కర్ణాటకలోంచి ఆంధ్రలోకి పోయి మళ్ళీ కర్ణాటకలోకి వస్తాం. మనవరాలికి అదొక తమాషా. నాకు కావలసింది వేరే. గౌరిబిదనూరు దగ్గర 1976 నుంచి ఒక రేడియో వేధశాల ఉంది. బెంగుళూరులోని భారత ఖగోళ భౌతిక సంస్థ, రామన్ పరిశోధన సంస్థ కలిసి పెట్టాయి. అక్కడ గుమ్మటం, దుర్భిణి ఏమీ ఉండవు. పొలంలో కర్రలు పాతి తీగలు లాగినట్టు వందలకొద్దీ ఏరియళ్ళు. సూర్యుడి నుంచి, దూరపు నక్షత్ర వీధుల నుంచి వచ్చే రేడియో తరంగాలను అవి పడతాయి. కంటికి కనిపించే వెలుగూ రేడియో తరంగమూ ఒక తల్లి బిడ్డలే, ఒకే వేగంతో పరిగెత్తుతాయి. బస్సులోంచి చెయ్యి చాపి అటువైపు అని చూపించేలోగా మనవరాలు నిద్రపోయింది.

మధ్యాహ్నానికి పావగడ చేరాం. బెంగుళూరు మనవాళ్ళకు పావగడ అనగానే గుర్తొచ్చేది శని మహాత్ముడి గుడి. శనివారం వెళితే నువ్వులనూనె దీపాల పొగలో ఎదుటి మనిషి కనబడడు. మేం వెళ్ళింది శుక్రవారం కాబట్టి నింపాదిగా దర్శనమైంది. వరసలో మా ముందున్న దంపతులు అనంతపురం నుంచి వచ్చారు, వెనకవాళ్ళు యశవంతపురం నుంచి. ఏలినాటి శని ఎవరికి మొదలైంది, ఎవరికి అయిపోవచ్చింది అన్న మాటలు తెలుగులోనూ కన్నడంలోనూ సమానంగా నడుస్తున్నాయి. శని సూర్యుడి చుట్టూ ఒకసారి తిరగడానికి ఇరవై తొమ్మిదిన్నర ఏళ్ళు పడుతుంది. అంటే రాశికి రెండున్నర ఏళ్ళు. మూడు రాశులకు ఏడున్నర. ఈ లెక్క కట్టినవాళ్ళు దుర్భిణి లేకుండా, తరాల తరబడి ఉత్త కళ్ళతో చూసి కట్టారు. ఆ ఓపికకు నేను రోజూ దణ్ణం పెట్టగలను. "రాత్రికి అసలు శనిని చూపిస్తా" అని మనవరాలితో అంటే, పక్కనున్న పెద్దావిడ నన్ను ఎగాదిగా చూసింది.

ఊరు చేరేసరికి నాలుగైంది. మామయ్య అరుగు మీదే కూర్చుని ఉన్నాడు. "ఏమప్పా అల్లుడా, కనుమ పొద్దు కదిలి వచ్చినారే. మా అమ్మ ఉంటే చీపురు తిరగేసుండు" అన్నాడు. అత్త పెట్టిన బొరుగులు, కారం తిని ముగ్గురం పొలం వైపు నడిచాం.

పొలమంటే, ఇప్పుడు పొలం లేదు. తిరుమణి, వల్లూరు, బలసముద్రం, రాయచర్లు, క్యాతగానచెర్లు, ఈ ఐదు ఊళ్ళ భూముల్లో సుమారు 13,000 ఎకరాల మీద సౌర విద్యుత్తు పార్కు పరుచుకుని ఉంది. 2018 మార్చి 1న మొదలుపెట్టారు, 2019 చివరికి 2,050 మెగావాట్ల సామర్థ్యానికి చేరింది. భూములు కొనలేదు, కౌలుకు తీసుకున్నారు. మొదట్లో ఎకరాకు ఏడాదికి 21,000 రూపాయలు, రెండేళ్ళకోసారి కొంత పెంపు. మామయ్య ఆరెకరాలు అందులోనే ఉన్నాయి. కంచె ఇవతల నిలబడి చూస్తే నీళ్ళు లేని ఆ సీమలో నల్లటి చెరువులు పొంగినట్టు కనుచూపు మేరా పలకలే.

"అదో, ఆ మూడో వరస కాడ మన బాయి ఉండేది" అన్నాడు మామయ్య. బావి జాడ నాకేమీ కనబడలేదు. "వాన వచ్చినా దుడ్లు వస్తాయి, రాకున్నా వస్తాయి. ఆ బాధ తప్పింది. కానీ పొద్దున లేస్తే ఏం చేయాల్నో తెలీదప్పా. రోహిణి కార్తె వస్తాది, మృగశిర వస్తాది, ఆరుద్ర వస్తాది. వస్తే ఏమి? ఇత్తనం ఎత్తే పని లేదు."

ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు. పలకల మీద సాయంకాలపు ఎండ మెరుస్తుంటే మనవరాలికి నాకు తెలిసిందొకటి చెప్పాను. ఆ ఎండ సూర్యుణ్ణి వదిలి ఎనిమిది నిమిషాల ఇరవై సెకన్లయింది. అది పైకి కనిపించే వయసు. సూర్యుడి నడిగర్భంలో పుట్టిన శక్తి, కిక్కిరిసిన తిరునాళ్ళలో దారి దొరకని మనిషిలా అటూ ఇటూ తోసుకుంటూ సూర్యుడి పై అంచుకు రావడానికి పట్టే కాలం వేల ఏళ్ళు, కొన్ని లెక్కల్లో లక్ష దాటుతుంది. ఆ తరవాత ఇక్కడికి రావడం ఎనిమిది నిమిషాల పని. మామయ్య విని, "అంతకాలం నడిచొచ్చి ఈ రేకు మీద పడితే కరెంటు, మా చేన్లో పడితే చెనిక్కాయ" అన్నాడు. నేను పది వాక్యాల్లో చెప్పినదానికన్నా బాగుంది.

రాత్రి ఏడున్నరకు మిద్దె ఎక్కాం. నులక మంచం, రెండు చాపలు, నా దగ్గర బైనాక్యులర్స్. వీధిలో కొత్త ఎల్.ఇ.డి. దీపం ఒకటి తెల్లగా మండుతోంది. దాని స్విచ్చి మా ఇంటి పక్క స్తంభానికే ఉంది. మామయ్య దిగి వెళ్ళి ఆపేసి వచ్చాడు. కరెంటు పోయిందనుకుని ఎదురింటివాళ్ళు కొవ్వొత్తి వెతుక్కున్నారు. చీకటికి కళ్ళు అలవాటు పడటానికి ఇరవై నిమిషాలు పడుతుంది. ఆ ఇరవై నిమిషాలు మాట్లాడకుండా కూర్చోవడమే పిల్లకు కష్టమైంది. తరవాత ఒక్కసారిగా, "ఇన్నా?" అంది. పదకొండు లెక్కపెట్టిన పిల్ల కదా.

పడమట దిగుతున్న శనిని ముందు చూపించాను. పసుపు కలిసిన తెలుపు, మినుకుమనకుండా నిలకడగా ఉంది. ఆ రాత్రి శని మనకు ఎంత దూరంలో ఉన్నాడంటే అక్కడి వెలుగు రావడానికి సుమారు గంటా ఇరవై రెండు నిమిషాలు పట్టింది. అంటే మేము చూస్తున్నది ఆరుగంటలప్పటి శని. "మరి ఇప్పుడు యాడుండాడు?" అన్నాడు మామయ్య. ఆయనది మీనరాశి, శని అక్కడే ఉన్నాడు, ఆ మాత్రం పట్టింపు ఉంటుంది. లెక్క కట్టాం. శని సెకనుకు పది కిలోమీటర్లకు కాస్త తక్కువ వేగంతో నడుస్తాడు. గంటా ఇరవై నిమిషాల్లో యాభై వేల కిలోమీటర్లు కూడా జరగడు. ఆయన అడ్డు కొలతే లక్షా ఇరవై వేల కిలోమీటర్లు. అంటే తన వెడల్పులో సగం కూడా కదల్లేదు. "మందుడని ఊరికే అన్లేదు" అని మామయ్య తృప్తి పడ్డాడు.

తూర్పున గురుడు లేచాడు. పునర్వసు జంట చుక్కల దగ్గర దీపం పెట్టినట్టున్నాడు. బైనాక్యులర్స్ మంచం పట్టెకు ఆనించి చూస్తే పక్కన ముత్యాల్లా ఉపగ్రహాలు కనిపించాయి. వెలుగుకు వేగం ఉందని మనిషికి తెలిసింది వీటివల్లనే. అంతకు ముందు చాలామంది వెలుగు చూడగానే వచ్చేస్తుందని అనుకునేవారు. పారిస్‌లో పనిచేస్తున్న డెన్మార్క్ దేశస్థుడు ఓలె రోమర్, అయో అనే ఉపగ్రహం గురుడి నీడలోకి పోయి వచ్చే వేళలు రాసుకుంటూ ఒక వింత గమనించాడు. భూమి గురుడికి దగ్గరగా ఉన్న నెలల్లో గ్రహణం అనుకున్నదానికన్నా ముందే అవుతోంది, దూరం జరిగిన నెలల్లో ఆలస్యమవుతోంది. బెంగుళూరు నుంచి గంటకొక బస్సు ఠంచనుగా బయలుదేరుతుందనుకోండి. మీరు ఒక్కచోట నిలబడితే గంటకొకటి వస్తుంది. ఊరు ఊరుకీ వెనక్కి జరుగుతూ పోతే ఒక్కో బస్సూ మరికాస్త ఆలస్యంగా కనిపిస్తుంది. తప్పు బస్సుది కాదు, దారిది. 1676లో రోమర్ చెప్పింది ఇదే. భూమి తిరిగే బాటకు అడ్డంగా పోవడానికి వెలుగుకు 22 నిమిషాలు పడుతుందని ఆయన లెక్క. అసలుది పదహారు నిమిషాల నలభై సెకన్లు. మూడున్నర శతాబ్దాల కిందట ఆ మాత్రం తేడా తప్పు కాదు. సెకనుకు మూడు లక్షల కిలోమీటర్లన్న సంఖ్య తరవాతివాళ్ళు నిక్కచ్చి చేశారు.

అక్కడి నుంచి చుక్కల్లోకి వెళ్ళాం. ఆ వేగంతో ఏడాది పరిగెత్తితే 9.46 లక్షల కోట్ల కిలోమీటర్లు. అది ఒక కాంతి సంవత్సరం. చుక్క ఎంత దూరమో ఎలా తెలుసంది పిల్ల. బొటనవేలు ముఖం ముందు పెట్టుకుని ఒక కన్ను మూసి, మళ్ళీ రెండో కన్ను మూయమన్నాను. వేలు కోట కొండ మీద ఇటూ అటూ గెంతింది. భూమి ఆరునెలలకు సూర్యుడికి ఈ పక్క నుంచి ఆ పక్కకు చేరుతుంది. అవే రెండు కళ్ళు. దగ్గరి చుక్క దూరపు చుక్కల ముందు వెంట్రుకవాసి గెంతుతుంది. జర్మనీలో బెసెల్ 1838లో మొదటిసారి ఆ గెంతును కొలిచాడు. ఐరోపావాళ్ళు 2013లో పంపిన గయా ఉపగ్రహం 2025 జనవరిలో పని ముగించేనాటికి దాదాపు రెండువందల కోట్ల చుక్కల్ని చూసి పెట్టింది.

ఇక అవ్వ ఆకాశం మొదలుపెట్టాను. మేము అమ్మమ్మను అవ్వ అనేవాళ్ళం. అవ్వకు అక్షరం రాదు. చుక్కలు మాత్రం వీధిలో ఇళ్ళలాగా తెలుసు. నడినెత్తిన పిల్లలకోడి, అదే కృత్తిక. దాని పక్కన ఎర్రగా రోహిణి. కిందికి వస్తే మృగశిర, ఎర్రగా మండే ఆరుద్ర, ఆ కింద తళతళలాడే లుబ్ధకుడు. దక్షిణాన కొండ అంచు మీద అగస్త్యుడు. ఉత్తరాన చాలా కిందుగా ధ్రువుడు. పావగడ అక్షాంశం పద్నాలుగు డిగ్రీలు, ధ్రువుడి ఎత్తూ అంతే. మీలో లండన్‌లో ఉన్నవాళ్ళకు ఆయన యాభై ఒకటి దాకా ఎక్కి కూర్చుంటాడు. మా ఊళ్ళో ఆయన చింతచెట్టు కొమ్మల్లో చిక్కుకుంటాడు.

లుబ్ధకుడి వెలుగు ఎనిమిదిన్నర ఏళ్ళది. అంటే 2017 నాటిది. "అప్పుడు మన చేన్లో ఏముంది మామా?" అన్నాను. "గుంతలు తీస్తాండ్రి, కమ్ములు పాతడానికి" అన్నాడు. రోహిణి వెలుగు అరవై అయిదేళ్ళది, నేను పలక పట్టిన రోజులది. అప్పుడు బావిలో నీళ్ళుండేవి. పునర్వసు రెండు చుక్కలూ కవలల్లా కనిపిస్తాయి గాని, ఒకదాని వెలుగు 34 ఏళ్ళది, రెండోదానిది 51. కృత్తిక పిల్లలది దాదాపు 440 ఏళ్ళు. 1565 యుద్ధం తరవాత విజయనగర రాజులు మా ఊరికి తూర్పున ఉన్న పెనుకొండకు రాజధానిని మార్చుకున్నారు. ఆ పిల్లలకోడి వెలుగు బయలుదేరేనాటికి పెనుకొండలో కొలువు నడుస్తోంది. మృగశిర వేటగాడి కాలి దగ్గర నీలితెలుపు రైజెల్‌ది సుమారు 860 ఏళ్ళు. మా తాలూకాలోనే ఉన్న నిడుగల్లు కొండను చోళ వంశపు శాఖ ఒకటి ఏలుతున్న రోజులు. వాయవ్యాన కంటికొసతో చూస్తేగాని చిక్కని చిన్న మసక ఉంది. దేవయాని మండలంలోని మరో పాలపుంత అది. దాని వెలుగు వయసు పాతిక లక్షల ఏళ్ళు. అది బయలుదేరినప్పుడు తెలుగూ లేదు, కన్నడమూ లేదు, మనలాంటి మనిషే లేడు. ఒక్క మిద్దె మీద నుంచి, ఒక్క చూపులో, ఇన్ని కాలాలు పక్కపక్కనే. చరిత్ర పుస్తకం పేజీ తిప్పాలి. దీనికి మెడ తిప్పితే చాలు.

"మరి చచ్చిపోయాయా లేదా?" అని పిల్ల అసలు ప్రశ్నకు వచ్చింది.

చచ్చిపోలేదు. ఇదే అందరూ పొరబడే సగం. ఉత్త కంటికి కనిపించే చుక్కలు దాదాపు అన్నీ కొన్ని వేల కాంతి సంవత్సరాల లోపలే ఉంటాయి. చుక్క ఆయుష్షు తక్కువలో తక్కువ లక్షల ఏళ్ళు, చాలావాటిది కోట్ల నుంచి వందల కోట్లు. నాలుగు వందల ఏళ్ళ పాత కబురు వాటి బతుకులో నిన్నటి సాయంత్రం కబురే. అనుమానం పెట్టుకోదగ్గది పెద్దగా ఆరుద్ర ఒక్కటే. అది ముసలి చుక్క. ఎప్పటికైనా పేలిపోక తప్పదు. 2019 చివర్లో దాని వెలుగు సగానికి పైగా పడిపోతే పేలబోతోందని గోల పుట్టింది. అది విసిరిన వాయువు ధూళిగా మారి అడ్డం వచ్చిందని తేలింది, 2020లో మళ్ళీ తేరుకుంది. దాని దూరం ఇంకా అయిదు వందలు, ఏడు వందల కాంతి సంవత్సరాల మధ్యే ఊగుతోంది. అయినా పేలడానికి ఇంకా లక్ష ఏళ్ళు పట్టవచ్చని శాస్త్రజ్ఞుల అంచనా.

అత్త కేకేస్తే దిగి జొన్నరొట్టె తిని మళ్ళీ ఎక్కాం. పిల్ల నిద్రపోయింది. నేనూ కునుకు తీశాను. ఒంటిగంట దాటాక మామయ్యే లేపాడు, "లేయండప్పా, అరుంధతి వచ్చింది" అని. ఈశాన్యాన సప్తఋషులు నిలువుగా లేచి ఉన్నారు. ఒకే ఇంటివాళ్ళలా కనిపించే ఆ ఏడుగురిలో నడుమ అయిదుగురివీ ఎనభై ఏళ్ళు, ఆ చుట్టుపక్కల వెలుగు. వసిష్ఠుడు, పక్కనే అరుంధతి, ఇద్దరిదీ 1943, 44 నాటిది. ఇంకా మామయ్య పుట్టలేదు. చివరనున్న మరీచిది నూట నాలుగేళ్ళు, 1922. అప్పటికి అవ్వ రెండేళ్ళ పిల్లో, మూడేళ్ళ పిల్లో. తేదీ ఎవరూ రాసిపెట్టలేదు.

పడమటి వైపు ఇంకా ఎత్తునే ఉన్న పచ్చని చుక్క ఒకటి చూపించి, "అది బ్రహ్మహృదయం" అన్నాను. దాని దూరం 42.9 కాంతి సంవత్సరాలు. లెక్క వేస్తే 1983 మొదట్లో బయలుదేరిన వెలుగు. ఇల్లు కదలకముందే ఆ లెక్క వేసుకున్నాను. అందుకే కార్డు తెచ్చాను.

1983లో నేను భిలాయిలో కొత్తగా ఉద్యోగంలో ఉన్నాను. సంక్రాంతి వెళ్ళిన తరవాత ఒకరోజు టెలిగ్రాం వచ్చింది, అవ్వ పోయిందని. రెండు రైళ్ళు, మూడు బస్సులు మారి వచ్చేసరికి అన్నీ అయిపోయాయి. దినం ముగించుకుని భిలాయి తిరిగి వెళ్ళి గది తలుపు తీస్తే, కింద పోస్టుకార్డు పడి ఉంది. అవ్వ చెప్పి రాయించింది. పోయేందుకు మూడు రోజుల ముందు వేయించింది. ఊరి బడి అయ్యవారికి తెలుగు మాట వచ్చు, తెలుగు అక్షరం రాదు. అందుకని అవ్వ తెలుగును కన్నడ అక్షరాల్లో రాశాడు. ఆ రోజు నేను కూడబలుక్కుని చదివాను. తరవాత నలభై మూడేళ్ళుగా బీరువాలో ఉంది. కొడుక్కి చూపించలేదు. చూపించినా వాడికి కన్నడం రాదు, భిలాయిలో హిందీలో చదువుకున్నాడు.

మా మనవరాలు బెంగుళూరులో పుట్టి పెరిగింది. తెలుగు మాట్లాడుతుంది, చదవలేదు. వేసవి సెలవుల్లో అక్షరాలు నేర్పాలని ప్రతి ఏడూ అనుకుంటాను. బడిలో కన్నడం మాత్రం చక్కగా చదువుతుంది. టార్చికి ఎర్ర కాగితం చుట్టి కార్డు దాని చేతిలో పెట్టాను. "ఇది కన్నడ కదా" అని మొదలుపెట్టి, రెండో మాట దగ్గర ఆగింది. "కాదు తాతా, ఇది తెలుగు!"

"చదువు" అన్నాను.

మెల్లగా, వేలు పెట్టుకుని చదివింది. "సంకురాత్రి బాగా జరిగింది. నేను బాగుండాను. దగ్గు తగ్గింది. నా గురించి దిగులు పెట్టుకోవద్దు. ఒక్కడివి ఉండావు, వేళకు తిను. ఒక గంప చెనిక్కాయలు నీకని అటక మీద పెట్టిచ్చినాను. ఉగాదికి రా."

మనవరాలి గొంతులో బెంగుళూరు యాస. మాటలు మాత్రం అచ్చంగా అవ్వవి. 'ఉండాను', 'పెట్టిచ్చినాను' అని మా ఇంట్లో ఇప్పుడెవరూ అనరు.

నాకు చాలా కాలం ఆ కార్డు మీద కోపం ఉండేది. దగ్గు తగ్గిందని రాయించడమేమిటి, నేను నమ్మడమేమిటి అని. నిజానికి నేను నమ్మడానికి కూడా వీల్లేకపోయింది, కార్డు అందేసరికే తెలుసు. కానీ రాయించిన రోజున దగ్గు తగ్గే ఉంటుంది. ఆ రోజున బాగానే ఉండి ఉంటుంది.

పిల్ల కార్డు తిప్పి పోస్టాఫీసు ముద్ర చూసింది. తరవాత తలెత్తి, "ఆ చుక్కేనా తాతా, ఇదే టైముది?" అంది. అవునన్నాను. కాసేపు ఎవరం మాట్లాడలేదు. సౌర పార్కు వైపు చిమ్మచీకటి, దూరంగా సబ్‌స్టేషను దీపాలు నాలుగు. ఎక్కడో కుక్క మొరిగింది.

మామయ్య మంచం మీద అటు తిరిగి పడుకునే ఉన్నాడు. నిద్రపోయాడనుకున్నాను.

"ఆ చెనిక్కాయలు ఉగాది దాకా పెట్టినామప్పా" అన్నాడు. "నువ్వు రాలే. మేమే తినేస్తిమి."